మనుషులంటే ఇష్టం ఉంటే సరిపోదు: హెచ్‌ఆర్ విద్యార్థులతో ఒక మధ్యాహ్నం

(విశాఖపట్నంలో ఎంబీఏ హెచ్‌ఆర్ (మానవ వనరుల నిర్వహణ), ఎంహెచ్‌ఆర్‌ఎం (అదే సబ్జెక్టులో మాస్టర్స్) చదువుతున్న విద్యార్థులతో ఒక సీనియర్ హెచ్‌ఆర్ మేనేజర్ మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాసి పెడుతున్నాం.)

నమస్తే. కూర్చోండి, కూర్చోండి. తలుపు దగ్గర నిలబడ్డవాళ్లు ముందుకి వచ్చేయండి, ముందు రెండు వరుసలూ ఖాళీ. మా రోజుల్లోనూ ఇంతే, ముందు కూర్చుంటే ప్రశ్న అడుగుతారని భయం. ఈరోజు వెనకవాళ్లనే అడుగుతాను, కాబట్టి ముందుకి వచ్చినా నష్టం లేదు.

మొదటి ప్రశ్న. హెచ్‌ఆర్ ఎందుకు తీసుకున్నారు? నిజం చెప్పండి, మీ హెచ్‌ఓడీ గారు వినట్లేదనుకోండి. చెప్పమ్మా. ‘మనుషులతో మాట్లాడటం ఇష్టం మేడమ్.’ సరే. ఇంకొకరు? ‘లెక్కలు ఉండవని.’ ఇదిగో, ఇది నిజం! చేతులెత్తండి, లెక్కలు ఉండవని వచ్చినవాళ్లు. చూశారా సార్, సగం హాలు. మిగతా సగం సిగ్గుపడి ఎత్తలేదు.

మనుషులంటే ఇష్టం అనే మాట నేను ఫ్రెషర్ ఇంటర్వ్యూల్లో ఎంతమంది నోట విన్నానో చెప్పలేను. మంచిదే. మనుషులంటే చిరాకు ఉన్నవాళ్లు ఈ పనికి రాకూడదు, ఒప్పుకుంటా. కానీ ఆ ఇష్టంతో ఏం చేస్తావు? ఒకాయన రిటైరయ్యి నీ టేబుల్ ముందుకొచ్చి ‘అమ్మా, నాకెంత వస్తుంది’ అని అడుగుతాడు. చిరునవ్వు నవ్వుతావా? ఆయనకి కావాల్సింది అంకె. ఆ అంకె తప్పు చెప్పావనుకో, నీ చిరునవ్వు ఆయన జన్మలో నమ్మడు.

చేద్దామా ఒక లెక్క? ఫోన్లు తీయండి, పర్వాలేదు. ఆఖరి జీతం, అంటే బేసిక్, డీఏ కలిపి, 26,000. సర్వీసు 10 ఏళ్లు. గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం వదిలేటప్పుడు సర్వీసుని బట్టి ఇచ్చే మొత్తం, ఎంత? ఎవరూ చెప్పరా? ఫార్ములా పరీక్షలో రాశారు కదా, పదిహేను బై ఇరవై ఆరు. 26,000ని 26తో భాగిస్తే రోజుకి వెయ్యి. ఏడాదికి 15 రోజుల చొప్పున 15,000. పదేళ్లకి లక్షా యాభై వేలు. అంతే. ఇందులో ఏం భయం ఉంది? సరే, ఆయన సర్వీసు 10 ఏళ్ల 7 నెలలు అయితే? ఆరు నెలలు దాటితే పూర్తి ఏడాది కింద లెక్క, కాబట్టి 11. పదిహేను వేలు తేడా. ఆ ఏడు నెలలు నువ్వు చూడకపోతే ఒక మనిషికి పదిహేను వేలు పోయాయి, ఆయనకి తెలియను కూడా తెలియదు. మనుషులంటే ఇష్టం అంటే నా దృష్టిలో ఆ ఏడు నెలలు చూడటం.

ఇంకోటి, ఇది మీ సొంత విషయం. ప్లేస్‌మెంట్లలో ‘సీటీసీ 3.6 లక్షలు’ అంటారు, అంటే ఏడాదికి నీ మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు. ఇంటికి ఫోన్ చేసి ‘అమ్మా, నెలకి ముప్పై వేలు’ అని చెప్పేస్తారు. ఆగండి. నెలకి 30,000లో బేసిక్ 15,000 పెట్టారనుకుందాం. కంపెనీ కట్టే పీఎఫ్ 12 శాతం, 1,800, అది కూడా ఆ ముప్పై వేలలోనే ఉంటుంది. గ్రాట్యుటీకి బేసిక్ మీద 4.81 శాతం, ఓ 720 పక్కన పెడతారు. మిగిలింది 27,480 దగ్గర. అందులోంచి మీ వాటా పీఎఫ్ ఇంకో 1,800, మన రాష్ట్రంలో 20,000 దాటిన జీతానికి వృత్తి పన్ను 200. చేతికొచ్చేది పాతికవేల అయిదువందల దగ్గర ఆగుతుంది. గ్రూప్ ఇన్సూరెన్స్ ప్రీమియం కూడా సీటీసీలో కలిపారంటే ఇంకా తగ్గుతుంది. ఇందులో మోసమేం లేదు, కాగితం మీద అంతా రాసే ఉంటుంది. కానీ హెచ్‌ఆర్ చదివిన పిల్ల తన సొంత ఆఫర్ లెటర్ చదువుకోలేకపోతే, రేపు వందమందికి ఆ లెటర్లు ఎలా ఇస్తుంది చెప్పండి?

సరే, లెక్కలు చాలు, మొహాలు మారిపోతున్నాయి.

అసలు ఈ ఉద్యోగం ఎక్కడ పుట్టింది? మీ టెక్స్ట్‌బుక్ మొదటి చాప్టర్‌లో అమెరికా ఉంటుంది. టేలర్, మేయో అనే మేనేజ్‌మెంట్ పండితులు, హాథార్న్ ఫ్యాక్టరీ ప్రయోగాలు. మన దేశంలో ఎక్కడ పుట్టిందో మూడో పేజీలో రెండు లైన్లు. నేను తిరగేసి చెప్తాను.

1929లో బ్రిటిష్ ప్రభుత్వం ఒక రాయల్ కమిషన్ వేసింది, విట్లీ కమిషన్ అంటాం. 1931లో రిపోర్టు ఇచ్చింది. అప్పట్లో బొంబాయి, కలకత్తా మిల్లుల్లో కూలీని పెట్టుకోవాలన్నా తీసేయాలన్నా జాబర్ అనేవాడి చేతిలో ఉండేది. మన మేస్త్రీ అనుకోండి. ఉద్యోగం కావాలంటే వాడికి మామూలు, ఉన్న ఉద్యోగం నిలబడాలంటే మళ్లీ మామూలు. ఈ గోల ఆపాలంటే మనుషుల్ని పెట్టుకునే పని మేస్త్రీ చేతి నుంచి తీసి ఒక లేబర్ ఆఫీసర్‌కి ఇవ్వండి అని కమిషన్ చెప్పింది. అర్థమైందా? మన ఉద్యోగానికి మన దేశంలో మూలం అక్కడుంది, లంచం ఆపడానికి పెట్టిన పోస్టు. టాలెంటు, కల్చరు, ఎంగేజ్‌మెంటు, ఈ మాటలన్నీ తర్వాత వచ్చాయి. ఇవాళ కూడా ఏదైనా పెద్ద ఫ్యాక్టరీ గేటు దగ్గర టీ కొట్టులో కూర్చుని వినండి, కాంట్రాక్టర్ కింద ఉద్యోగం వేయిస్తానని ఎవరు ఎంత తీసుకుంటున్నారో మీకే తెలుస్తుంది. తొంభై ఏళ్లు దాటినా ఆ మొదటి పని ఇంకా పూర్తి కాలేదు.

ఆ తర్వాత 1948 ఫ్యాక్టరీల చట్టం, సెక్షన్ 49. 500 మంది, ఆపైన కార్మికులుంటే వెల్ఫేర్ ఆఫీసర్ ఉండి తీరాలని అందులో ఉండేది. చట్టం చెప్పింది కాబట్టి పోస్టు పుట్టింది, పోస్టు ఉంది కాబట్టి చదువు పెరిగింది. చదువు చెప్పే చోట్లు అంతకుముందే మొదలయ్యాయి. బొంబాయిలో ఇప్పుడు మనం టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) అంటున్నది 1936లో సోషల్ వర్క్ స్కూల్‌గా మొదలైంది. జంషెడ్‌పూర్‌లో ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ అనే మేనేజ్‌మెంట్ స్కూల్ 1949లో. ఒకటి సేవ వైపు నుంచి, ఇంకోటి ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్లోంచి. మన యూనివర్సిటీల్లో కూడా మొదట పర్సనల్ మేనేజ్‌మెంట్, ఇండస్ట్రియల్ రిలేషన్స్, లేబర్ వెల్ఫేర్ అన్న పేర్లే. హెచ్‌ఆర్ అన్న బోర్డు తర్వాత మారింది.

ఆ బోర్డు మారడానికి కూడా ఒక కథ ఉంది. 1974లో ఎల్ అండ్ టీ (లార్సెన్ అండ్ టూబ్రో) కంపెనీ వాళ్లు ఐఐఎం అహ్మదాబాద్ నుంచి ఇద్దరు ప్రొఫెసర్లను పిలిచారు, ఉదయ్ పారీక్, టి.వి. రావు. రావుగారు మన తెలుగువారే. వాళ్లు ఎల్ అండ్ టీలో పనితీరు అంచనాని చూసి, ఏడాదికోసారి రహస్యంగా మార్కులేసి ఫైల్లో పెట్టడం కాదు, పైవాడు కిందవాడితో కూర్చుని మాట్లాడాలి, ఎదగడానికి దారి చూపించాలి అన్నారు. 1975లో అక్కడ హెచ్‌ఆర్‌డీ (మానవ వనరుల అభివృద్ధి) అని విడిగా ఒక డిపార్ట్‌మెంటు పెట్టారు. అప్పట్లో చాలా పెద్ద ఆలోచన అది. ఇప్పుడు? ఇప్పుడు అప్రైజల్ అంటే ఏమైంది? మార్చిలో ఒక మెయిల్ వస్తుంది, పోర్టల్‌లో నీకు నువ్వే రేటింగ్ ఇచ్చుకోవాలి, అందరూ తమకి నాలుగు ఇచ్చుకుంటారు, మేనేజర్ మూడు చేస్తాడు, పావుగంట మీటింగ్, అయిపోయింది. పారీక్, రావు చెప్పినదాంట్లోంచి మాట్లాడటం ఒక్కటీ తీసేసి, ఫారం మాత్రం ఉంచుకున్నాం. నాకు దీని మీద చాలా కోపం ఉంది, సమయం లేదు కాబట్టి వదిలేస్తున్నా.

గిరిగారు, యూనియన్, మనం

మీ సిలబస్‌లో ‘గిరి అప్రోచ్’ అని ఒక టాపిక్ ఉంటుంది. అయిదు మార్కుల ప్రశ్న. గిరి అంటే ఎవరు? వి.వి. గిరి, రాష్ట్రపతి, కరెక్టే, 1969 నుంచి 74 దాకా. అంతకుముందు? బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే యూనియన్ నాయకుడు. మన వాల్తేరుకి హౌరా నుంచి వచ్చే లైను, ఆ రైల్వే. 1928లో తీసేసిన కార్మికుల కోసం సమ్మె నడిపించి మేనేజ్‌మెంట్‌ని ఒప్పించాడు. బరంపురంలో పుట్టిన తెలుగువాడు. 1952లో నెహ్రూ కేబినెట్‌లో కార్మిక మంత్రి అయ్యాడు.

మంత్రి అయ్యాక ఏం అన్నాడు? ప్రతి గొడవకీ ప్రభుత్వం ట్రైబ్యునల్‌కి పంపించేస్తుంటే ఇద్దరికీ మాట్లాడుకోవడం రాకుండా పోతుంది అన్నాడు. యూనియన్ ఏమనుకుంటుంది? కోర్టు ఎలాగూ చెప్తుంది, నేనెందుకు తగ్గాలి? మేనేజ్‌మెంట్ ఏమనుకుంటుంది? కోర్టులో నాలుగేళ్లు లాగుదాం. అందుకని ముందు కూర్చోండి, మాట్లాడండి, మీలో మీరు ఒప్పందానికి రండి, కోర్టు చివరికి అని ఆయన వాదన. ప్రభుత్వంలోనే చాలామందికి నచ్చలేదు. 1954లో బ్యాంకు ఉద్యోగులకు ట్రైబ్యునల్ ఇచ్చిన అవార్డుని ప్రభుత్వం మార్చేసరికి రాజీనామా చేశాడు. గమనించారా? ట్రైబ్యునళ్లు వద్దన్న మనిషి, ట్రైబ్యునల్ ఇచ్చినదాన్ని ప్రభుత్వం ముట్టుకుంటే పదవి వదిలేశాడు. ఇందులో తిరకాసు ఏమీ లేదు, ఆయన లెక్క ప్రకారం మాట ఇచ్చాక మాట మీద ఉండాలి. దీన్ని అయిదు మార్కులకి కుదించి పెట్టారు, నాకు బాధగా ఉంటుంది. నోయిడాలో ఆయన పేరు మీద నేషనల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, ట్రైనింగ్ ప్రోగ్రాములు జరుగుతాయి, వీలైనవాళ్లు వెళ్లండి.

ఇప్పుడు మీలో చాలామంది మనసులో ఉన్న ప్రశ్న నేనే అడుగుతాను. హెచ్‌ఆర్ ఎవరి పక్షం? కంపెనీ జీతం ఇస్తుంది కాబట్టి కంపెనీ పక్షం. ఇంతకంటే తియ్యగా చెప్పను. ‘మేం ఉద్యోగులకీ యాజమాన్యానికీ మధ్య వారధి’ అని పవర్‌పాయింట్‌లో పెడతారు కదా, ఆ వారధి మీద జీతం ఇచ్చేది ఒక వైపు వాళ్లే. కానీ కంపెనీ పక్షం ఉండటం అంటే ఏమిటి? మేనేజర్ తప్పు చేస్తుంటే చూస్తూ ఊరుకోవడమా? తలుపేసి ‘సార్, ఇది చట్టం ఒప్పుకోదు, రేపు మనమే ఇరుక్కుంటాం’ అని చెప్పగలగాలి. అలా చెప్పాలంటే ఏ చట్టం, ఏ సెక్షన్ అనేది నోటికి రావాలి. అన్యాయం సార్, పాపం సార్ అంటే వినరు. సెక్షన్ చెప్తే వింటారు. నేను చూసినంతలో, చట్టం తెలియని హెచ్‌ఆర్ ఎంత మంచి మనసున్నదైనా ఆఖరికి మేనేజర్ చెప్పిన కాగితం మీద సంతకం పెట్టింది.

ఒక కేసు చెప్తాను. నేను పనిచేసిన ఒక చోట, పేరు చెప్పను, ఒక హెల్పర్ మీద దొంగతనం ఆరోపణ వచ్చింది. గేటు దగ్గర టిఫిన్ క్యారియర్‌లో ఇత్తడి ముక్కలు దొరికాయి. దొరికాయి, అందులో అనుమానం లేదు. డొమెస్టిక్ ఎంక్వైరీ, అంటే కంపెనీ లోపలే విచారణ, పెట్టారు, డిస్మిస్ చేశారు. లేబర్ కోర్టులో కేసు ఓడిపోయారు, వెనక జీతంతో సహా మళ్లీ ఉద్యోగంలోకి తీసుకోవాల్సి వచ్చింది. ఎందుకు ఓడిపోయారు? చార్జ్‌షీటు మొత్తం ఇంగ్లీషులో ఉంది. ఆ మనిషికి తెలుగు సంతకం తప్ప ఇంకోటి రాదు. రెండోది, కంప్లెయింటు మీద సంతకం పెట్టినాయనే ఎంక్వైరీ ఆఫీసర్‌గా కూర్చున్నాడు. తన ఫిర్యాదుకి తనే జడ్జి. దీన్ని మీరు సహజ న్యాయ సూత్రాలు అని బట్టీ పడతారు. బట్టీ పట్టకండి. ఆ హెల్పర్ కుర్చీలో కూర్చుని చూడండి. నీ మీద ఏం రాశారో నీకు అర్థం కాదు, నిన్ను పట్టించినాయనే నీ మాట వింటున్నాడు. నువ్వు దొంగవే కావచ్చు, అయినా ఇది విచారణా?

అందుకే మిమ్మల్ని ఒకటి అడుగుతున్నాను, మీ సార్లని కూడా. ఈ కోర్సులో తెలుగులో ఒక్క కాగితమైనా రాయిస్తున్నారా? షోకాజ్ నోటీసు, షిఫ్ట్ మార్పు నోటీసు, క్యాంటీన్ రేట్ల నోటీసు? స్టాండింగ్ ఆర్డర్లు, అంటే ఫ్యాక్టరీలో పని నియమాలు, ఇంగ్లీషులోనూ, ఎక్కువమంది కార్మికులకి అర్థమయ్యే భాషలోనూ గేటు దగ్గర అంటించాలని 1946 చట్టంలోనే రాసి పెట్టారు. మనవాళ్లు తెలుగులో అంటిస్తారు, కానీ అది ఎలాంటి తెలుగు? ‘యాజమాన్యము వారిచే జారీ చేయబడిన ఉత్తర్వులకు అవిధేయత ప్రదర్శించుట’ అట. ఎవరికి అర్థమవుతుంది ఇది? ‘పైవాళ్లు చెప్పిన న్యాయమైన పని కావాలని చేయకపోవడం’ అని రాస్తే చట్టం ఏమైనా కోప్పడుతుందా? పైగా ఇప్పుడు ఇక్కడి ఫ్యాక్టరీల్లో ఒడిశా నుంచి, బీహార్ నుంచి, జార్ఖండ్ నుంచి వచ్చినవాళ్లు ఎంతమంది? వాళ్లకి హిందీలో, ఒడియాలో ఉందా నోటీసు? ఇంగ్లీష్ కమ్యూనికేషన్ స్కిల్స్ మీద మీకు రెండు సెమిస్టర్లు క్లాసులున్నాయి, మంచిదే, హైదరాబాద్ ఇంటర్వ్యూలో పనికొస్తాయి. షాప్ ఫ్లోర్ మీద పనికొచ్చేది మాత్రం వేరు.

రిజిస్టర్ బోరు అనుకునేవాళ్ల కోసం

అచ్యుతాపురంలో 2024 ఆగస్టు 21న ఏం జరిగిందో ఈ హాల్లో అందరికీ తెలుసు. ఫార్మా యూనిట్‌లో పేలుడు, 17 మంది పోయారు. ఆ కంపెనీ గురించి నేనేం మాట్లాడను, నాకు లోపలి సంగతి తెలియదు. మన పని గురించి మాట్లాడతాను. ఎక్కడైనా అలాంటిది జరిగిన మొదటి గంటలో అందరూ అడిగే ప్రశ్న ఏమిటి? లోపల ఎవరున్నారు? ఎంతమంది? ఈ ప్రశ్నకి జవాబు చెప్పాల్సింది ఎవరు? సేఫ్టీవాళ్లు మంట దగ్గరుంటారు. గేటు మస్టర్, కాంట్రాక్ట్ లేబర్ లిస్టు, ఈరోజు షిఫ్ట్‌కి ఎవరు వచ్చారు, ఎవరు ఎవరికి బదులు వచ్చారు, ఇదంతా మన దగ్గర ఉండాలి. కాంట్రాక్టర్ తన మనుషుల లిస్టు నిన్నటిది ఇచ్చి ఊరుకుంటే, ఆ గంటలో బయట నిలబడ్డ ఒక తల్లికి నువ్వేం చెప్తావు?

ఆ తర్వాత ఇంకో కాగితం. నామినేషన్, అంటే తను పోతే డబ్బు ఎవరికి ఇవ్వాలో ఉద్యోగి రాసిచ్చేది. ఇది ఎవరూ సీరియస్‌గా తీసుకోరు, జాయినింగ్ రోజు పదిహేను ఫారాల మధ్య సంతకం పెట్టించేస్తారు. కుర్రాడు పెళ్లి కాకముందు చేరాడు, పీఎఫ్‌లో అమ్మ పేరు రాశాడు. మూడేళ్లకి పెళ్లయింది. పెళ్లయ్యాక ఆ పాత నామినేషన్ చెల్లదు, కొత్తది వేయాలి. వేశాడా? ఎవరైనా గుర్తుచేశారా? రేపు ఏదైనా జరిగితే అత్తా కోడలూ ఆఫీసు వరండాలో చెరో బెంచీ మీద కూర్చుంటారు, ఇద్దరి వైపూ బంధువులు, ఇద్దరూ ఏడుస్తూనే ఉంటారు, ఇద్దరికీ డబ్బు అవసరమే. పీఎఫ్ బ్యాలెన్సు ఒక్కటే కాదు, దానికి అంటుకుని ఈడీఎల్‌ఐ ఇన్సూరెన్స్ ఉంది, గరిష్ఠంగా 7 లక్షల దాకా వస్తుంది. ఈఎస్‌ఐలో ఉన్న మనిషి పనిలో గాయపడి చనిపోతే కుటుంబానికి జీతంలో 90 శాతం లెక్కన నెలనెలా వస్తుంది. ఇందులో పీఎఫ్, ఈడీఎల్‌ఐ డబ్బు ఆ పాత ఫారం వల్ల ఇరుక్కుపోతుంది. నేను మా టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లకి మొదటి పని ఇదే ఇస్తాను, గత రెండేళ్లలో పెళ్లయినవాళ్ల లిస్టు తీయండి, నామినేషన్లు చూడండి అని. మొహం మాడ్చుకుంటారు. డేటా అనలిటిక్స్ నేర్చుకుని వచ్చాం మేడమ్ అంటారు. ఇదే నాన్నా అనలిటిక్స్.

అనలిటిక్స్ అంటే గుర్తొచ్చింది, హాథార్న్ గురించి ఒక ముక్క. షికాగో పక్కన వెస్టర్న్ ఎలక్ట్రిక్ ఫ్యాక్టరీ, 1924 నుంచి 32 దాకా ప్రయోగాలు. పరీక్షలో ఏం రాస్తారు? లైటు పెంచారు, పని పెరిగింది. తగ్గించారు, అయినా పెరిగింది. కాబట్టి మనుషుల్ని పట్టించుకుంటే చాలు, పని పెరుగుతుంది. పది మార్కులు. ఇప్పుడు నేను రెండు సంగతులు చెప్తాను. రిలేలనే టెలిఫోన్ విడిభాగాలు బిగించే గదిలో పెట్టింది గట్టిగా అరడజను మంది అమ్మాయిల్ని. వాళ్లలో ఇద్దర్ని మధ్యలో మార్చేశారు, ఎక్కువ కబుర్లు చెప్తున్నారు, మాట వినట్లేదు అని. వాళ్ల జాగాలో వచ్చినవాళ్లు బాగా చురుకైనవాళ్లు. ఇంకోటి, వాళ్లకి కూలీ లెక్క కూడా మార్చారు, పెద్ద డిపార్ట్‌మెంటు మొత్తం మీద కాకుండా ఆ చిన్న గుంపు చేసిన పని మీదే ఇచ్చారు. అంటే నువ్వు కష్టపడితే నీకే డబ్బు. మరి పని పెరిగింది పట్టించుకోవడం వల్లా, డబ్బు వల్లా, మాట వినని ఇద్దర్ని తీసేయడం వల్లా? ఇది నేను కొత్తగా కనిపెట్టింది కాదు, తర్వాత వచ్చిన పరిశోధకులు అడిగిన ప్రశ్నలే. మేయో చెప్పినదంతా తప్పని అనట్లేదు. పిజ్జా పార్టీ పెడితే అట్రిషన్, అంటే మానేసి వెళ్లిపోయేవాళ్లు, తగ్గుతుందని రేపు మీ బాస్ అన్నప్పుడు, జీతాల షీటు కూడా ఒకసారి చూద్దాం సార్ అనే ధైర్యం మీకు ఈ చాప్టర్‌లోంచి రావాలి.

మీ పుస్తకాల సంగతి. ఎవరి దగ్గరైనా లేబర్ లా పుస్తకం ఉందా ఇక్కడ? ఏ ఎడిషన్? సరే, అది దాచుకో, కానీ దాన్నే నమ్ముకోకు. 29 చట్టాలు కలిపి నాలుగు కోడ్లు చేశారు, వేతనాలది 2019లో, మిగతా మూడూ 2020లో పార్లమెంటులో పాసయ్యాయి, 2025 నవంబర్ 21న అమల్లోకి తెచ్చారు. కంపెనీల్లో సీనియర్లు కూడా మళ్లీ చదువుకుంటున్నారు. మీకిది అదృష్టం అంటాను, ఎందుకంటే పాతికేళ్ల అనుభవం ఉన్న మాకూ మీకూ ఈ ఒక్క సబ్జెక్టులో తేడా తగ్గిపోయింది. ఏం మారింది? అలవెన్సులన్నీ కలిపి మొత్తం జీతంలో సగం దాటితే, దాటినంత మేర వేతనంలో కలిపి పీఎఫ్, గ్రాట్యుటీ లెక్క కట్టాలి. ఇందాక బేసిక్ 15,000 అని సగం ఎందుకు పెట్టానో ఇప్పుడు అర్థమైందా? ఫిక్స్‌డ్ టర్మ్ మీద పనిచేసేవాళ్లకి ఏడాదికే గ్రాట్యుటీ. మానేసినా తీసేసినా రెండు పనిదినాల్లో రావాల్సిన జీతం ఇవ్వాలి. ఫుల్ అండ్ ఫైనల్, అంటే ఆఖరి లెక్క తేల్చడానికి, నలభై అయిదు రోజులు అని అలవాటు పడ్డ మన కంపెనీలకి ఇది చాలా టెన్షన్. ఇంకోవైపు, కార్మికుల్ని తగ్గించుకోవడానికి ప్రభుత్వ అనుమతి తీసుకోవాల్సిన హద్దు 100 మంది నుంచి 300కి పెరిగింది, స్టాండింగ్ ఆర్డర్ల హద్దు కూడా 300 అయ్యింది. ఇది మంచిదా చెడ్డదా? యూనియన్లు ఎందుకు వ్యతిరేకిస్తున్నాయి? యాజమాన్యాలు ఎందుకు సంతోషంగా ఉన్నాయి? సెమినార్ పెట్టండి. ఒకరు యూనియన్ వైపు మాట్లాడండి, నిజంగా మాట్లాడండి, మొక్కుబడిగా కాదు. నాకు అడిగితే 250 మంది పనిచేసే చోట స్టాండింగ్ ఆర్డర్లు లేకపోవడం మేనేజ్‌మెంట్‌కే నష్టం, రూలు రాసి లేనిచోట ప్రతి సూపర్‌వైజరూ ఒక రూలు పెడతాడు.

అమ్మాయిలకి ఒక మాట. ఈ హాల్లో సగం కంటే ఎక్కువ మీరే ఉన్నారు. హెచ్‌ఆర్ అంటే ఆడపిల్లలకి సేఫ్, ఏసీ గది, రిక్రూట్‌మెంట్ చూసుకోవచ్చు అని ఇంట్లోవాళ్లు చెప్పి పంపుతారు. ఇండస్ట్రియల్ రిలేషన్స్ మాత్రం మగవాళ్లకి. యూనియన్‌తో గొడవలు, నైట్ షిఫ్ట్, నీకెందుకమ్మా అంటారు. నన్నూ అన్నారు. అచ్యుతాపురం వైపు బట్టల ఫ్యాక్టరీలకి పొద్దున్నే బస్సుల్లో వెళ్లే వేలమంది ఎవరు? ఆడవాళ్లే కదా, ఊళ్లనుంచి వచ్చి షిఫ్టులు చేసి ఇంటికెళ్లి వంట చేసేవాళ్లు. వాళ్ల గ్రీవెన్స్ వినాల్సినచోట మీరు ఉండకపోతే ఎవరు ఉంటారు? పనిచోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం ప్రకారం పదిమంది, ఆపైన పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి, సగం మంది ఆడవాళ్లు ఉండాలి, బయటి నుంచి ఒక సభ్యురాలో సభ్యుడో ఉండాలి. కాగితం మీద అన్నిచోట్లా ఉంది. గోడ మీద పోస్టర్ కూడా ఉంది. కమిటీలో ఎవరున్నారో అక్కడ పనిచేసే అమ్మాయిని అడగండి, చెప్పగలిగితే అది నిజంగా ఉన్నట్టు. మీ కాలేజీలో ఉన్న కమిటీలో ఎవరున్నారో మీకు తెలుసా? ఎవరూ మాట్లాడట్లేదేం? సార్, ఇది నోట్ చేసుకోండి.

ప్రాజెక్టు గురించి అడగమని మీ సీనియర్ చీటీ పంపాడు. ‘ఎంప్లాయీ శాటిస్ఫాక్షన్ ఇన్ ఫలానా కంపెనీ’, వంద ప్రశ్నాపత్రాలు, శాంపిల్ సైజు వంద, గుండ్రటి ‘పై’ చార్టులు పన్నెండు, ఆఖర్లో ‘ఎక్కువమంది ఉద్యోగులు సంతృప్తిగా ఉన్నారు’. ఇది పాత ప్రాజెక్టులోంచి కంపెనీ పేరు మార్చి తెచ్చేది, నాకు తెలుసు, మీ గైడుకీ తెలుసు. దయచేసి అది వదిలేయండి. చిన్నది తీసుకోండి. ఒక్క క్యాంటీన్ కమిటీ మినిట్స్ రెండేళ్లవి చదివి, ఏం అడిగారు, ఏం జరిగింది, ఏది మళ్లీ మళ్లీ అడుగుతున్నారు అని రాయండి. ఒక డిపార్ట్‌మెంటులో సెలవులు ఏ నెలల్లో ఎక్కువ పెడుతున్నారు, ఎందుకు? సంక్రాంతికి తెలిసిందే, జూన్‌లో ఎందుకు? బడులు తెరుస్తారు, ఫీజులు, అడ్మిషన్లు, యూనిఫాంలు. వ్యవసాయం ఉన్నవాళ్లకి పొలం పనులు. ఇది తెలిసిన హెచ్‌ఆర్ జూన్‌లో ఓవర్‌టైమ్ ప్లాన్ ముందే సర్దుకుంటుంది, తెలియనిది ఆబ్సెంటీయిజం అని మెమోలు పంచుతుంది.

ఉద్యోగాల సంగతి దాచకుండా చెప్తాను. మొదటి ఉద్యోగం చాలామందికి హైదరాబాద్‌లో కన్సల్టెన్సీలో రిక్రూటర్‌గా వస్తుంది. రోజుకి ఇన్ని కాల్స్, ఇన్ని ప్రొఫైల్స్ అని టార్గెట్. చేయండి, తప్పేం లేదు, ఫోన్లో మనిషి అబద్ధం చెప్తున్నాడో లేదో గొంతును బట్టి పట్టుకోవడం అక్కడే వస్తుంది. కానీ అక్కడే రెండేళ్లు దాటి ఉండిపోకండి, పేరోల్ వైపో, ప్లాంట్ వైపో దూకండి. ఇంకోటి, ఫేక్ ఎక్స్‌పీరియెన్స్ లెటర్లు, ఒకరి బదులు ఇంకొకరు వీడియో ఇంటర్వ్యూలో కూర్చోవడం, ఇవి మన తెలుగు పిల్లల పేరు బాగా చెడగొట్టాయి. మీరు టేబుల్‌కి ఈ పక్క కూర్చోబోతున్నారు. ‘మా ఊరివాడు మేడమ్, చూసీచూడనట్టు వదిలేయండి’ అని మీకు ఫోన్ వస్తుంది, తప్పకుండా వస్తుంది, మీ బాబాయి దగ్గర్నుంచే వస్తుంది. ఏం చెప్తారో ఇప్పుడే అనుకుని పెట్టుకోండి.

ప్రశ్నలు? చెప్పు బాబూ. లెక్చరర్ అవ్వాలని ఉందా? అవ్వచ్చు. యూజీసీ నెట్‌లో సబ్జెక్ట్ కోడ్ 55, లేబర్ వెల్ఫేర్, పర్సనల్ మేనేజ్‌మెంట్, హెచ్‌ఆర్‌ఎం అన్నీ కలిపి ఉంటాయి. ఎంబీఏ చేసినవాళ్లు చాలామంది మేనేజ్‌మెంట్ కోడ్ 17 రాస్తారు, అందులో ఫైనాన్స్, మార్కెటింగ్ అన్నీ చదవాలి. నీకు ఈ సబ్జెక్టే ఇష్టమైతే 55 చూసుకో, సిలబస్‌లు రెండూ పక్కపక్కన పెట్టుకుని నిర్ణయించుకో. కానీ ఒక ఏడాదైనా ఎక్కడో పనిచేసి వెళ్లి పాఠం చెప్పు, పిల్లలు ఇట్టే కనిపెట్టేస్తారు.

ఏమ్మా? ఏఐ వస్తే మన ఉద్యోగాలు ఉంటాయా? రెజ్యూమెలు వడకట్టడం, లీవ్ బ్యాలెన్స్ ఎంతో చెప్పడం, ఇవి ఇప్పటికే మెషిన్ చేస్తోంది. చేయనీ. అది వడకట్టి పక్కన పడేసిన కుప్పలో ఎవరున్నారో అప్పుడప్పుడు తీసి చూడటం మీ పని. పాత నియామకాల్లో ఆడవాళ్లు తక్కువుంటే, ఆ లెక్కలతో నేర్చుకున్న మెషినూ అదే చేస్తుంది. ఎవరు తీసేశారమ్మా ఈ అభ్యర్థిని అని లేబర్ ఆఫీసర్ అడిగితే సాఫ్ట్‌వేర్ అండి అంటే కుదరదు.

చివరిది, ఆ మూల అబ్బాయి. మూడేళ్ల బాండ్, ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా ఇవ్వమంటున్నారా? సర్టిఫికెట్లు మాత్రం ఇవ్వకు నాన్నా, చూపించు, జిరాక్సులు ఇవ్వు. బాండ్ అంటే ఎంత, ట్రైనింగ్‌కి వాళ్లు నిజంగా ఖర్చు పెట్టేది ఎంత, ముందు మానేస్తే ఎలా తగ్గిస్తారు, ఇవన్నీ ఆ కాగితంలో ఉన్నాయా? చదవలేదా? సంతకం పెట్టేశావా ఇంకా పెట్టలేదా? పెట్టలేదు కదా, అయితే టీ దగ్గర కనపడు, ఆ లెటర్ ఫోన్లో ఉంటే ఇద్దరం కూర్చుని మొదటి పేజీ నుంచి చదువుదాం.